చిట్టెలుక సాక్ష్యం: బ్యాక్టీరియా విషాలతో క్యాన్సర్ వైద్యం, న్యూజీలాండ్ అనుభవం

అనంతపురం వేరుశనగ రైతుకి వేరుపురుగును పరిచయం చెయ్యక్కర్లేదు. పైకి మొక్క బాగానే కనిపిస్తుంది, పట్టుకుని లాగితే వేరు లేకుండా చేతికి ఊడి వస్తుంది. న్యూజీలాండ్ పచ్చిక బయళ్లలో దానికి దూరపు చుట్టం ఒకటుంది. అక్కడివాళ్లు దాన్ని గ్రాస్ గ్రబ్ అంటారు. గొర్రెలూ ఆవులూ మేసే గడ్డికి వేళ్లు కొరికేసి, పచ్చని బయలును చాపలా చుట్టచుట్టి తీసేయగలిగేంత పని చేస్తుంది. ఈ పురుగుకీ ఓ జబ్బుంది. సెర్రేషియా ఎంటమోఫిలా అనే బ్యాక్టీరియా కడుపులో పడితే తిండి మానేస్తుంది, పేగు ఖాళీ అవుతుంది, తెల్లటి ఒళ్లు తేనెరంగుకు తిరుగుతుంది, చిక్కి చిక్కి చస్తుంది. క్రైస్ట్‌చర్చ్ పక్కన లింకన్‌లో ఉన్న వ్యవసాయ పరిశోధకులు ఆ బ్యాక్టీరియానే పురుగుమందుగా మార్చి ‘ఇన్వేడ్’ పేరుతో రైతుల చేతికిచ్చారు.

క్యాన్సర్ గురించి చెబుతానని పురుగుల కథ ఎత్తుకున్నాడేమిటని మీరు విసుక్కునేలోగా అసలు సంగతికి వస్తాను. ఆ పురుగు ఎందుకు తిండి మానేస్తుందో వెతుకుతూ అగ్‌రీసెర్చ్ సంస్థకు చెందిన మార్క్ హర్‌స్ట్, ఆయన సహచరులు 2004లో ఒక వింత యంత్రాన్ని బయటపెట్టారు. యాంటీ ఫీడింగ్ ప్రొఫేజ్ అని దానికి పేరు. అది బ్యాక్టీరియా తయారుచేసుకునే ఇంజెక్షన్ సిరంజి లాంటిది. గొట్టం, దాని చుట్టూ ముడుచుకునే తొడుగు, కొసన మొన, లోపల విషం. పురుగు పేగులోని కణానికి అతుక్కోగానే తొడుగు ముడుచుకుంటుంది, మొన దిగుతుంది. 2019లో ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలోక్ మిత్రా బృందం, యూరప్ సహచరులతో కలిసి, ఈ సిరంజి ముడుచుకోకముందూ ముడుచుకున్నాకా ఎలా ఉంటుందో అణువు అణువునా గీసి చూపింది.

అదే లింకన్ పరిశోధకులకు జబ్బుపడ్డ గ్రాస్ గ్రబ్‌లోనే ఇంకో బ్యాక్టీరియా దొరికింది, యెర్సీనియా ఎంటమోఫాగా. దాని విషం మూడు భాగాల కూర్పు. రెండు భాగాలు కలిసి కొబ్బరిచిప్పలా గుల్లగా ఒక పెంకు కడతాయి. అసలు విషం ఆ పెంకు లోపల దాక్కుని ఉంటుంది. ఆక్లండ్‌లో షాన్ లాట్ బృందం ఆ పెంకు నిర్మాణాన్ని తేల్చి 2013లో నేచర్ పత్రికలో ప్రచురించింది. విషం తయారుచేసే బ్యాక్టీరియా తన విషానికి తానే బలి కాకుండా ఎలా తప్పించుకుంటుందన్న పాత ప్రశ్నకు అక్కడ కళ్లకు కట్టినట్టు జవాబు దొరికింది. మూడో భాగం ఆ పెంకును శత్రు కణం పొర దాకా మోసుకెళ్లి సన్నని కాలువ తెరుస్తుంది. ఆ తర్వాతే విషం బయటికి వస్తుంది.

ఈ రంగంలో అందరికీ కావలసింది ఇలాంటి రవాణా సాధనమే. 2019లో జర్మనీలో ఇదే కుటుంబానికి చెందిన విషపు పెంకులో సొంత సరుకు తీసేసి వేరే ప్రోటీన్లు నింపి కణంలోకి పంపారు. 2023లో అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెంగ్ ఝాంగ్ బృందం, గ్రాస్ గ్రబ్ సిరంజికి దగ్గరి బంధువైన ఫోటోర్హాబ్డస్ సిరంజి కొసను మార్చి, ఈజీఎఫ్ఆర్ అనే గుర్తు ఉన్న క్యాన్సర్ కణాలకే అతుక్కునేలా చేసింది. పళ్లెంలో పెంచిన కణాల్లో గుర్తున్నవి చచ్చాయి, లేనివి బతికాయి. పళ్లెంలో అని మళ్లీ అంటున్నాను. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

బ్యాక్టీరియా విషానికి చంపే శక్తి ఎంతుందో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, చెబుతుంది. డిఫ్తీరియా విషం ఒక్క అణువు కణం లోపలికి చొరబడితే చాలు, ఆ కణం చస్తుందని 1978లో జపాన్ పరిశోధకులు చూపారు. కణంలో ప్రోటీన్లు తయారయ్యే యంత్రంలోని ఒక ముఖ్యమైన మరను అది పట్టేస్తుంది. అలాంటి విషానికి చిరునామా రాసి అతికిస్తే? ఆ ఆలోచన నుంచే ఇమ్యూనోటాక్సిన్లు పుట్టాయి. విషం తల తీసేసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే అణువును ఆ స్థానంలో అతికిస్తారు. అమెరికాలో 1999లో అనుమతి పొందిన డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ ఇలాంటిదే. చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమాకి వాడారు. తయారీ ఇబ్బందుల వల్ల మధ్యలో అంగట్లోంచి పోయి, శుద్ధిచేసిన రూపంలో 2024లో తిరిగి వచ్చింది. సూడోమోనాస్ విషంతో చేసిన మాక్సెటుమోమాబ్‌ను 2018లో హెయిరీ సెల్ లుకేమియాకి అనుమతించారు. కొన్నేళ్లకే దాన్ని తయారుచేసిన సంస్థే ఉపసంహరించుకుంది. డిఫ్తీరియా విషంతోనే చేసిన టాగ్రాక్సోఫస్ప్ అనే ఇంకొకటి, చాలా అరుదైన ఒక రక్త క్యాన్సర్‌కి, ఇంకా వాడుకలో ఉంది.

గమనించండి, ఇవన్నీ రక్తానికీ లింఫుకీ సంబంధించిన క్యాన్సర్లే. రొమ్ములోనో ఊపిరితిత్తిలోనో గట్టిగా కట్టుకున్న కణితి లోతుల్లోకి ఇంత పెద్ద ప్రోటీను ఇంకడం కష్టం. ఇంకో అడ్డంకి మన శరీరమే. చిన్నప్పుడు వేసుకున్న డీపీటీ టీకా పుణ్యమా అని డిఫ్తీరియా విషాన్ని పట్టేసే యాంటీబాడీలు మన ఒంట్లో ముందే ఉంటాయి. పాపం, మనల్ని కాపాడిన టీకాయే ఇక్కడ మందుకు ఎదురు నిలుస్తుంది. సన్నని రక్తనాళాల నుంచి నీరు కారిపోయి ఒళ్లు వాచి, బీపీ పడిపోయే ప్రమాదం వేరే ఉంది. బ్యాక్టీరియా విషాలతో వైద్యం చేసిన నూటముప్పై ఏళ్ల చరిత్ర తిరగేస్తే, విషంలో పస చాలక ఓడిన మందు నాకు కనబడలేదు. చేరవలసిన చోటికి చేరక ఓడాయి. లేదా చిట్టెలుక చెప్పిన సాక్ష్యాన్ని నమ్మి ఓడాయి. ఈ రెండో ఓటమి న్యూజీలాండ్‌కు గట్టిగా తగిలింది.

ఆ కథకు మూలం న్యూయార్క్‌లో ఉంది. విలియం కోలీ అనే యువ సర్జన్ 1891 జనవరిలో బెస్సీ డాషియెల్ అనే పదిహేడేళ్ల పిల్లను సార్కోమా వల్ల పోగొట్టుకున్నాడు. మనసు ఆగక ఆస్పత్రి పాత రికార్డులు తిరగేస్తే, మెడ మీది కణితి ఎన్ని ఆపరేషన్లకూ లొంగని ఒక జర్మన్ వలసదారుకి ఎరిసిపెలస్ సోకి, కణితి దానంతటదే కరిగిపోయిన సంగతి కనబడింది. ఎరిసిపెలస్ అంటే చర్మం ఎర్రగా కందిపోయి, విపరీతమైన జ్వరం తెచ్చే అంటువ్యాధి. దానికి కారణం స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. కోలీ ఆ మనిషిని నగరమంతా గాలించి పట్టుకున్నాడు, చక్కగా బతికే ఉన్నాడు. అప్పటినుంచి కోలీ రోగులకు ఆ బ్యాక్టీరియానే ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరు జ్వరానికే పోవడంతో, వేడిచేసి చంపిన స్ట్రెప్టోకాకస్‌నూ సెర్రేషియా మార్సెసెన్స్‌నూ కలిపి ఒక ద్రవం తయారుచేశాడు. అదే కోలీ టాక్సిన్. (గ్రాస్ గ్రబ్‌ను చంపేది కూడా ఒక సెర్రేషియాయే. ప్రకృతి పొదుపరి.)

కోలీ ఫలితాల్లో ఎంత నిజం, ఎంత ఆశ అన్న వాదన నేటికీ తెగలేదు. ఒక్కో సీసా ఒక్కో బలంతో ఉండేది, లెక్కలు సరిగా రాసేవాడు కాదు. రేడియేషన్ వచ్చాక అందరూ అటు వెళ్లారు. కానీ ఆయన వదిలిన దారం తెగలేదు. 1943లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మర్రీ షియర్ ఆ సెర్రేషియా నుంచి కణితులను నల్లగా మాడ్చే పదార్థాన్ని వేరుచేశాడు. దాన్నే ఇప్పుడు ఎండోటాక్సిన్ అంటున్నాం. ఎండోటాక్సిన్ తానుగా కణితిని చంపదనీ, శరీరం చేత ఒక ప్రోటీను పుట్టిస్తుందనీ, చంపేది ఆ ప్రోటీనేననీ 1975లో లాయిడ్ ఓల్డ్ బృందం తేల్చింది. ఆ ప్రోటీనుకి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. అంటే కోలీ ద్రవం కత్తి కాదన్నమాట, ఊరిని లేపే దండోరా.

దండోరా వేయడానికి బ్యాక్టీరియానే కావాలా? చిన్న రసాయనంతో వేయలేమా? ఈ ప్రశ్న దగ్గరే ఆక్లండ్ వస్తుంది. గ్రాఫ్టన్‌లో పెద్దాస్పత్రికి ఎదురుగా, పార్క్ రోడ్డు మీద ఆక్లండ్ క్యాన్సర్ సొసైటీ పరిశోధన కేంద్రం ఉంది. చిన్న దేశంలోని చిన్న ప్రయోగశాలే గానీ, 1970లలోనే బ్రూస్ కేన్ నేతృత్వంలో ఆమ్సాక్రిన్ అనే లుకేమియా మందును ప్రపంచానికి ఇచ్చిన చోటు. 1990ల మొదట్లో అక్కడ బిల్ డెన్నీ బృందం తయారుచేసిన ఒక రసాయనం, డీఎంఎక్స్ఏఏ, చిట్టెలుకల్లో అచ్చం ఎండోటాక్సిన్ చేసే పనే చేసింది. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్‌ను పుట్టించింది, కణితిలోని రక్తనాళాలను మూసేసింది, కొద్ది గంటల్లో కణితి నడిబొడ్డు నల్లబడి చచ్చిపోయింది. బ్రూస్ బాగ్యులీ, లై-మింగ్ చింగ్ ఏళ్ల తరబడి దీని ఆనుపానులు తేల్చారు. ఎటొచ్చీ ఆ మందు కణంలో ఏ తాళాన్ని తెరుస్తోందో మాత్రం అప్పటికెవరికీ తెలియదు.

తెలియకపోయినా బండి కదిలింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద జరిగిన రెండో దశ ప్రయోగంలో, మామూలు కీమోథెరపీతో రోగులు బతికిన మధ్యస్థ కాలం 8.8 నెలలు కాగా, ఈ మందు కలిపితే 14 నెలలు. ఆక్లండ్‌కి చెందిన మార్క్ మెకీజ్ ముందుండి 2008లో ప్రచురించిన అంకెలివి. ఆశ పుట్టక ఏం చేస్తుంది? నోవార్టిస్ హక్కులు తీసుకుంది, పేరు వాడిమెజాన్‌గా మారింది, 1,299 మందితో మూడో దశ ప్రయోగం పెట్టింది. ఫలితం 2010లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్లకు 13.4 నెలలు, తీసుకోనివాళ్లకు 12.7. తేడా లేనట్టే. అక్కడితో ఆ మందు చరిత్ర ముగిసింది.

కారణం 2013లో బయటపడింది. డీఎంఎక్స్ఏఏ తెరిచే తాళం పేరు స్టింగ్. కణంలో బ్యాక్టీరియా చొరబడితే దాని రసాయన గుర్తులను పసిగట్టి దండోరా వేయించే ప్రోటీను అది. చిట్టెలుక స్టింగ్‌లో ఈ మందు తాళంచెవిలా ఇమిడింది. మనిషి స్టింగ్‌కీ దానికీ మందు ఇమిడే చోట కొద్ది అమైనో ఆమ్లాల తేడా ఉంది, ఆ తేడా వల్ల మందు అసలు అతుక్కోలేదు. ఇరవై ఏళ్లు, వేయిమందికి పైగా రోగులు, ఎన్నో కోట్ల డాలర్లు, చివరకు తేలింది అది చిట్టెలుకల మందని. నా దృష్టిలో ఈ ఓటమిలో ఎవరి నిర్లక్ష్యమూ లేదు, ఆ తాళం పేరు ప్రయోగం మొదలయ్యేనాటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. కానీ యంత్రాంగం తెలియకుండా మూడో దశకు వెళ్లకూడదన్న పాఠాన్ని ఆక్లండ్ అందరికంటే ఖరీదు పెట్టి కొనుక్కుంది. ఇప్పుడు ప్రపంచమంతా మనిషి స్టింగ్‌ను తెరిచే మందుల వెంట పడుతోందంటే, ఆ దారికి డీఎంఎక్స్ఏఏ కూడా ఒక మైలురాయే.

ఎలుకలు ఇంకో విధంగానూ తప్పుదారి పట్టించాయి. సీబీ 1954 అనే మందు 1960ల చివర లండన్‌లోని చెస్టర్ బీటీ సంస్థలో పుట్టింది. ఎలుకల్లో ఒక కణితిని మటుమాయం చేసింది, మనుషుల్లో ఏమీ చేయలేదు. అది ముసుగు వేసుకున్న మందు, ఒక ఎంజైము ఆ ముసుగు తీస్తేనే విషమవుతుంది. ఎలుక ఎంజైము చురుగ్గా తీస్తుంది, మనిషిది బద్ధకంగా తీస్తుంది. 1990లలో ఈ. కోలై బ్యాక్టీరియాలోని నైట్రోరిడక్టేస్ అనే ఎంజైము ఆ పనిని చక్కగా చేస్తుందని తెలిశాక కొత్త ఆలోచన వచ్చింది. ఆ బ్యాక్టీరియా ఎంజైమును కణితిలోనే పెడితే ముసుగు అక్కడే తొలగుతుంది కదా? ఆక్లండ్‌లో డెన్నీ, బిల్ విల్సన్ బృందం పీఆర్-104 వంటి కొత్త ముసుగు మందులు తయారుచేస్తే, వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆకర్లీ రకరకాల బ్యాక్టీరియాల నుంచి ఎంజైములను పోగుచేసి, వాటిలో చురుకైనవాటిని వెతికి, ఇంకా పదును పెట్టే పనిలో పడ్డాడు. ఇక్కడ కూడా మనిషి శరీరం ఒక మెలిక పెట్టింది. ఆక్సిజన్ అందని కణితిలోనే పీఆర్-104 ముసుగు తొలగాలని ఉద్దేశం. కానీ ఏకేఆర్1సీ3 అనే మానవ ఎంజైము ఆక్సిజన్ ఉన్నచోట కూడా దాన్ని తీసేస్తుందని 2010లో ఆక్లండ్ బృందమే కనిపెట్టింది. ఆ ఎంజైముకు దొరకకుండా సీపీ-506 అనే కొత్త అణువును రూపొందించారు.

ఎంజైమును కణితిలోకి ఎవరు మోసుకెళ్తారు? క్లోస్ట్రిడియా. ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే బ్యాక్టీరియా కుటుంబం. వీటికి ఆక్సిజన్ సరిపడదు. అందుకే స్పోర్ల రూపంలో ఒంట్లోకి ఎక్కిస్తే, గాలి అందని కణితి నడిబొడ్డులో మాత్రమే మొలకెత్తుతాయి. 1960లలో హానిచేయని క్లోస్ట్రిడియాను రోగులకు ఎక్కించి చూశారు. కణితి నడిభాగం కరిగి నీరైంది, అంచు మాత్రం అలాగే ఉండి మళ్లీ పెరిగింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు క్లోస్ట్రిడియం నోవీలోని ప్రాణాంతక విషపు జన్యువును తీసేసి, 2014లో ప్రచురించిన ప్రయోగంలో 16 కుక్కల కణితుల్లో గుచ్చితే ఆరింటిలో కణితి తగ్గడమో పూర్తిగా పోవడమో జరిగింది. అదే పత్రం ప్రకారం ఒక మహిళ భుజంలోని కణితి మీద కూడా పనిచేసింది. క్లోస్ట్రిడియాకి నైట్రోరిడక్టేస్ తొడిగి, ముసుగు మందును తోడిచ్చి ఆ మిగిలిన అంచును కూడా చంపాలన్నది ఆక్లండ్‌లో ఆడం ప్యాటర్సన్, జెఫ్ స్మెయిల్ బృందం, బ్రిటన్, నెదర్లాండ్స్ బృందాలతో కలిసి వెంటాడుతున్న దారి. ఈ దారి మీద నాకు నమ్మకం ఎక్కువ. ఇక్కడ విషాన్ని ఊరంతా మోసుకెళ్లనక్కర్లేదు, కావలసిన ఇంట్లోనే వండుకోవచ్చు.

ఇక జాన్ ఫ్రేజర్, థామస్ ప్రాఫ్ట్ అనే ఆక్లండ్ పరిశోధకుల పని. ఇది కోలీకి తిరిగి ముడిపడుతుంది. న్యూజీలాండ్‌లో మావోరీ, పసిఫిక్ దీవుల పిల్లలను గొంతునొప్పితో మొదలై గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం ఇప్పటికీ వేధిస్తోంది. సంపన్న దేశాల్లో ఇలాంటి స్థితి అరుదు. మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకునే పిల్లలు మన పల్లెల్లో ఉన్నట్టే అక్కడా ఉన్నారు. కారణం కోలీ వాడిన ఆ స్ట్రెప్టోకాకస్ పయోజెనిసే. 1999లో ఆక్లండ్‌లో వీరిద్దరూ ఆ బ్యాక్టీరియా జన్యువుల్లో వెతికి కొత్త సూపర్ యాంటిజెన్లను బయటికి తీశారు. వాటిలో స్మెజ్-2 అనేది అత్యంత శక్తిమంతమైనదిగా తేలింది. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలను రెచ్చగొట్టడానికి ఈ విషం అందులోనూ చిన్న భాగం చాలు. మామూలు రోగక్రిమికి ఏ పదివేల కణాల్లోనో లక్ష కణాల్లోనో ఒక్క టీ కణం స్పందిస్తే, సూపర్ యాంటిజెన్ ఏకంగా నూటికి పది ఇరవై టీ కణాలను రెచ్చగొడుతుంది. ఊరంతా ఒకేసారి కర్రలు పట్టుకుని రోడ్డెక్కినట్టు. మనిషి షాక్‌తో పోతాడు.

అలాంటిదాన్ని మందుగా వాడటం ఎలా? స్వీడన్ వాళ్లు నేరుగా సూపర్ యాంటిజెన్‌నే యాంటీబాడీకి అతికించి మూత్రపిండాల క్యాన్సర్ మీద ప్రయోగించారు. 2013లో ఆ ప్రయోగం లక్ష్యం అందుకోలేదు. చాలామంది రోగుల ఒంట్లో ఆ విషాన్ని పట్టేసే యాంటీబాడీలు ముందే ఉన్నాయి. మళ్లీ అదే పాత అడ్డంకి. ఫ్రేజర్ వేరే దారి పట్టాడు. స్మెజ్-2కి రెండు చేతులు. ఒకటి రోగనిరోధక కణాన్ని పట్టుకుంటుంది, రెండోది టీ కణాన్ని. రెండో చేతిని విరిచేస్తే రెచ్చగొట్టడం పోతుంది, పట్టు మిగులుతుంది. ఆ పట్టుకే క్యాన్సర్ గుర్తును తగిలించి పంపితే, రోగనిరోధక వ్యవస్థకు పాఠం చెప్పే కణాల దగ్గరికి సరుకు నేరుగా చేరుతుంది. వెల్లింగ్టన్‌లోని మాలఘన్ సంస్థతో కలిసి 2009లో ప్రచురించిన పనిలో ఈ పద్ధతి చిట్టెలుకల్లో కణితిని అదుపు చేసింది. కానీ పాఠకులు ఈపాటికి నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సూపర్ యాంటిజెన్ల విషయంలో చిట్టెలుక మనిషి కంటే ఎంతో మొండి ప్రాణి, మనిషిని కూల్చే మోతాదు దాన్ని కదపదు. అక్కడ క్షేమంగా ఉందంటే ఇక్కడా క్షేమమేనని ఎలా నమ్మడం? చేయి విరిచేశాక కూడా ఆ ప్రశ్న అలాగే నిలబడి ఉంది, నా లెక్కలో దీన్ని తేల్చకుండా రోగుల దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

ఇన్ని తెలివైన ప్రయత్నాల మధ్య రోజూ ఆస్పత్రుల్లో వాడుతున్నది మాత్రం అన్నిటికంటే మోటు పద్ధతి. అది బీసీజీ. మన భుజాల మీద మచ్చ వదిలిన ఆ టీకాయే. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ తొమ్మిది మంది రోగుల మూత్రాశయంలోకి బీసీజీని గొట్టం ద్వారా ఎక్కించి ఫలితం చూపాడు. ఇవాళ మూత్రాశయపు లోపలి పొరలో వచ్చే క్యాన్సర్‌కి ఆక్లండ్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఇదే మందు. అది ఎందుకు గెలిచిందో పై కథలన్నీ చదివాక ఊహించవచ్చు. చేర్చవలసిన చోటుకి నేరుగా గొట్టం ఉంది, రక్తంలో ఈదనక్కర్లేదు. పని చేసేది విషం కాదు, లేచిన దండోరా. పైగా రుజువు మనుషుల్లోనే దొరికింది.

ఇంటర్నెట్‌లో కోలీ టాక్సిన్ అమ్ముతామనే క్లినిక్కులు కనబడుతుంటాయి. అటు పోకండి, అక్కడ సీసాలో ఏముందో, ఎంత బలంతో ఉందో చెప్పే ప్రమాణమేదీ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకెవరికైనా మూత్రాశయ క్యాన్సర్‌కి డాక్టరు బీసీజీ రాస్తే మాత్రం, టీబీ ఎక్కిస్తారా అని హడలిపోకండి. వారానికొకటి చొప్పున ఆరు వారాలు ఇస్తారు. ఎక్కించాక సుమారు రెండు గంటలు మూత్రం ఆపుకోమంటారు. ఆ తర్వాత ఆరు గంటలపాటు మరుగుదొడ్డిలో ప్రతిసారీ బ్లీచింగ్ పోసి, కాసేపాగి నీళ్లు కొట్టాలి. ఆ రాత్రి మంట, కొద్దిపాటి జ్వరం మామూలే. ఒళ్లు కాలిపోయేలా వచ్చినా, ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి.